బావ గుండంత సంగటి ముద్ద

పెళ్ళి పందిట్లో ఓబులేసు నోరు తెరిస్తే చాలు, జనం పొట్టలు పట్టుకొని నవ్వేవాళ్ళు. అదే ఓబులేసు రేడియోలో కథ చెబితే ఒక్క కార్డుముక్క వచ్చేది కాదు. ఎనిమిది గురువారాలు చెప్పాడు. ఎనిమిదిసార్లూ అంతే. చివరికి స్టేషన్ ఆఫీసరు పిలిచి, "ఈ వారం పది ఉత్తరాలన్నా రాకుంటే నీ పావుగంటలో సినిమా పాటలు వేసుకుంటామబ్బా" అని మర్యాదగానే చెప్పాడు.

ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంది. ఓబులేసు నేరుగా రసూల్ సాహెబ్ ఇంటికి పోయాడు. సాహెబ్ ముప్ఫై ఏళ్ళు రేడియోలో కథలు చెప్పి రిటైరైన మనిషి. ఓబులేసును మైకు ముందు కూర్చోబెట్టింది ఆయనే. ఆ పూట వాకిట్లో మంచానికి నవారు బిగిస్తున్నాడు.

"సార్, జనానికి ఇంటి ముచ్చట్లు పట్టవు. రాజులు కావాల, రాక్షసులు కావాల. సంగటి, చారు అంటే ఎవడు వింటాడు?"

"ఈసారి ఏం కథ?"

"పెండ్లాం పుట్టింటికి పోతే మొగుడు మొదటిసారి సంగటి చేసిన కథ."

"చెప్పు, విందాం."

ఇంకేముంది, ఓబులేసు అందుకున్నాడు. "వాడు ఇంత పిండి పోసినాడు సార్. కట్టె పట్టుకొని ఇట్లా ఇట్లా తిప్పినాడు. చూస్తే సంగటి ఇంత అయి కూచునింది!" చేతులు బార్లా చాచాడు, గుండ్రంగా తిప్పాడు, కళ్ళు పెద్దవి చేశాడు. గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న సాహెబ్ ఇల్లాలు ఖైరున్నీసా బీ పకపకా నవ్వింది.

సాహెబ్ నవ్వలేదు. లేచి, చేతిలోని నవారుతో ఓబులేసు రెండు చేతులూ వీపు వెనక కట్టేశాడు. భుజం పట్టి గోడవైపు తిప్పి నిలబెట్టాడు.

"ఇప్పుడు చెప్పప్పా."

"వాడు ఇంత పిండి..."

"ఎంత?"

"ఇంత సార్!"

"ఎంతరా?"

ఓబులేసు గింజుకున్నాడు. నవారు కదల్లేదు. "చానా పిండి."

"మా ఇంట్లో చానా అంటే ఒక చెంబు," అంది ఖైరున్నీసా బీ. "మా అత్తగారింట్లో ఒక చేట. నీది ఎవరింటి చానా నాయనా?"

పాపం, గోడ చూస్తూ నిలబడ్డాడు. ఎనిమిది గురువారాలూ రేడియో స్టేషను గాజు గదిలో ఒక్కడే చేతులు ఊపుకుంటూ కూర్చున్నది గుర్తొచ్చిందేమో, చెవులు ఎర్రబడ్డాయి.

"ముద్ద ఎంత అయింది?" సాహెబ్ వదల్లేదు.

"అదీ... అదీ... తిరపతిలో గుండు కొట్టించుకొని వచ్చిన మా బావ తలకాయంత సార్! అట్లనే నున్నగా, అట్లనే మెరుస్తా!"

ఖైరున్నీసా బీ చేతిలో చింతపండు కింద పడింది. "యా అల్లా! అచ్చం మా మరిది తలకాయే!"

సాహెబ్ కట్టు విప్పాడు. "పో. రికార్డు చెయ్యి."

గురువారం మధ్యాహ్నం కథ వచ్చే వేళకు సాహెబ్ అతన్ని బజారులోని దర్జీ అంగడికి తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టాడు. "నోరు తెరవొద్దు," అన్నాడు ముందే.

నాలుగు మిషన్లు టకటకా నడుస్తున్నాయి. అరలో రేడియో. ఓబులేసు గొంతు మొదలైంది. మిషన్లు ఆగలేదు.

రేడియోలో మొగుడు పొయ్యి రాజేశాడు. ఎసట్లో పిండి పోశాడు, బస్సు దిగి చుట్టాలు వస్తాండారని తెలిసిన ఇల్లాలు పోసినంత. ఒక మిషను ఆగింది. కట్టె తిప్పాడు, బావిలో పడిన బిందెను గాలంతో వెతికినట్టు. రెండోది ఆగింది, మూడోదీ ఆగింది. బావ గుండు వచ్చేసరికి, చెప్పొద్దూ, నాలుగోదీ ఆగిపోయి అంగడంతా గొల్లుమంది.

"ఒరే, అది మా బావరా! నందలూరు బావ! ఈ రేడియో ఆయప్పకు ఎట్ల తెలిసింది?" అన్నాడు గుండీలు కుట్టే ఆయన.

"నీ బావది సొట్ట తలకాయ. నున్నగా అన్నాడు కదా, మా బావే," అన్నాడు కత్తెర పట్టుకున్న మాస్టరు.

రవికె కోసం వచ్చినామె ఒప్పుకోలేదు. "ఇద్దరి బావలూ కాదు. మా ఇంటాయన! కార్డు ఉంటే ఈండన్నా, పేరు కూడా చెప్పమని రాస్తా."

"నాకొకటి!"

"నాకూ! మా బావ ఊరు కూడా రాస్తా!"

మాస్టరు ఒకాయన్ని పోస్టాఫీసుకు తరిమాడు. "డజను కార్డులు పట్టుకురాపో!"

ఓబులేసు ఆగలేకపోయాడు. ఆ బావ నా బావ అని అరవడానికి నోరు తెరిచి, సగం లేచాడు.

సాహెబ్ మోకాలు నొక్కి కూర్చోబెట్టాడు.

"కూచో అబ్బా. ఇంక నీ బావ కాదు."