పదకొండు రోజులు తక్కువైన ఏడాది

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో, కుంపినీ దొరల కాలంలో, అసిరమ్మ అని ఒక పిల్ల ఉండేది. దాని మొగుడు ఎల్లాజీ. వాళ్ళకున్నదల్లా ఒక చిన్న పడవ. ఊఁ కొడుతున్నావా?

ఒక ఉగాది నాడు ఎల్లాజీ, సాయిబుగారి పెద్ద ఓడెక్కి రంగూను వెళ్ళాడు. వెళ్తూ, "ఏడాది తిరక్కుండా వచ్చెత్తానే. నీకు ఎర్రగాజులు తెత్తాను," అన్నాడు.

ఆ ఊళ్ళో ఒక పాడు కట్టుబాటు ఉండేది. ఓడెక్కినవాడు ఏడాది లోపల రాకపోతే పోయినట్టే. కర్మ చేసేసి, పెళ్ళాం గాజులు పగలగొట్టి, పడవ తమ్ముడికి ఇచ్చేస్తారు.

ఏడాదంటే ఎవరి ఏడాది? ఆ ఒక్క ఏటికే ఎన్ని పేర్లో తల్లీ! పంతులుగారు భావ నామ సంవత్సరం అనేవారు. సాయిబుగారికి అది పన్నెండువందల ఇరవైతొమ్మిది. దొరకేమో పద్దెనిమిదివందల పద్నాలుగు.

మరిది కొర్లయ్య కన్నంతా పడవ మీదే. పన్నెండుసార్లు నెలవంక పొడిచి వెళ్ళగానే పెద్దల్ని పోగేశాడు.

అప్పుడు అసిరమ్మ సాయిబుగారి దగ్గరికి పరుగెత్తింది. "మా లెక్కకి నిన్నటితో ఏడాదైందమ్మా," అన్నాడాయన. పాపం, ఉన్నమాటే చెప్పాడు. ఆ తర్వాత దొర గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. "ఇంకా పదకొండు రోజులుంది," అన్నాడు. ఆ తర్వాత పంతులుగారి దగ్గరికి వెళ్ళింది. "ఈ ఏడు అధికమాసం పడింది కదమ్మా, ఒక నెల రెండుసార్లు వచ్చింది. ఉగాదికి ఇంకా నెల్లాళ్ళుంది," అన్నారు.

అసిరమ్మ పెద్దల కాళ్ళ మీద పడింది. "ఉగాది నుంచి ఉగాదికే కదా బాబూ మనకి ఏడాది! ఆ నెల్లాళ్ళూ ఆగండి."

"ఓడెవులిది? సాయిబుది. ఓడెక్కినోడికి సాయిబు లెక్కే," అన్నాడు కొర్లయ్య. పెద్దలు తలలూపారు. ముందే అందరికీ కల్లు పోయించాడులే, ముదనష్టపు వెధవ!

పదకొండో రోజు పొద్దున పెద్దకర్మ చేశారు. అసిరమ్మ చేతులు పట్టుకుని రాయి మీద గాజులు పగలగొట్టారు. మధ్యాహ్నం ఓడ వచ్చింది. ఎల్లాజీ దిగాడు, చంకలో ఎర్రగాజుల మూట.

"కర్మైపోయినోడివి. ఊళ్ళోకి రావద్దు," అన్నారు పెద్దలు. తప్పు ఒప్పుకుంటే వాళ్ళ పెద్దరికం ఏమైపోను?

అసిరమ్మని ఇంట్లో పెట్టి గొళ్ళెం వేశారు. ఎల్లాజీ ఇసకలోనే కూర్చున్నాడు. మొదటి రోజు అరిచాడు. రెండో రోజు బతిమాలాడు. మూడో రోజు గాజుల మూట తన పడవలో పెట్టి, ఓడెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఓడ కనుమరుగయ్యాక గొళ్ళెం తీస్తే, అసిరమ్మ పడవలోంచి ఆ మూట తెచ్చి దాచుకుంది.

అప్పుడు ఉగాది వచ్చింది. పంతులుగారు పంచాంగం చదువుతుంటే, పెద్దలంతా కూర్చుని ఉంటే, అసిరమ్మ రెండు చేతుల నిండా ఎర్రగాజులు వేసుకుని వచ్చి నిలబడింది.

"మనకి ఏడాది ఇయ్యాల తిరిగింది. నా మొగుడు ముందే వచ్చాడు," అంది.

ఆ గాజుల మీద చెయ్యెయ్యడానికి ఒక్కడికీ ధైర్యం చాల్లేదు. కొర్లయ్య మాత్రం ఆ పడవ తోలుకుంటూనే బతికాడు. అసిరమ్మ చచ్చేదాకా ఆ గాజులు తియ్యలేదు.

కథ వెళ్ళింది కంచికి,
ఓడ వెళ్ళింది దూరానికి,
గాజులు చేరాయి చేతికి,
మొగుడు చేరలేదు ఇంటికి.