హోజా అడిగిన హలాల్

అనగనగా, మన గాలిపటాలు ఎగిరి చేరలేనంత దూరాన, నల్ల సముద్రమని ఒక సముద్రం. పేరుకే నలుపు, నీళ్లు మాత్రం మన సముద్రం లాగే నీలం. దాని ఒడ్డున, తురుష్క దేశంలో, చామ్లిమాన్ అనే రేవు పట్టణం ఉండేది. ఆ ఊరివాళ్లకు మూడే మూడు ఇష్టాలు: నెత్తళ్లనే చిన్న చేపల వేపుడు, ఎర్రటి టీ, ఫుట్‌బాల్. మొదటి రెండూ దొరక్కపోయినా ఓ పూట గడుస్తుంది. మూడోది లేకపోతే గడవదు.

ఆ ఊరి జట్టులో నెజాత్ అనే మిడ్‌ఫీల్డర్ ఉండేవాడు. మిడ్‌ఫీల్డర్ అంటే మైదానం నడుమ నిలిచేవాడు. వెనకవాళ్లు కాపాడిన బంతిని అందుకొని ముందువాళ్లకు అందించేవాడు. గోలు కొట్టినవాడికి ఈలలు, గోలు ఆపినవాడికి చప్పట్లు, నడిమివాడికి చెమట. లోకరీతి అదే కదా!

అయినా నెజాత్ వాసికెక్కాడు. అతని దగ్గర ఒక విద్య ఉంది. బంతి తన దగ్గరికి రాకముందే ఒకసారి కుడి భుజం మీదుగా, ఒకసారి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసుకొనేవాడు. ఎవడు మీదికి వస్తున్నాడో, ఎవడు ఖాళీగా ఉన్నాడో బంతి కాలికి తగిలే లోపే అతనికి తెలిసిపోయేది. "నెజాత్ వీపుకు కూడా కళ్లున్నాయర్రా!" అనేవారు జనం.

వీపుకు కళ్లున్నవాడు కూడా ఒకసారి తప్పాడు. కుర్రతనంలో, ఒక పెద్ద మ్యాచ్‌లో, అతనిచ్చిన పాస్ తిన్నగా ఎదుటివాడి కాళ్ల దగ్గరికి పోయింది. గోలైపోయింది. ఆట ముగిశాక జనం అతని మీదికి ఎగబడబోతే, వాళ్ల కోచ్ ముసలి రుస్తెం అడ్డం నిలబడ్డాడు. ఆ దేశంలో కోచ్‌ను హోజా అంటారు, మనం గురువుగారూ అన్నట్టు.

"ఆ పాస్ ఇమ్మన్నది నేనే. అరిస్తే నన్ను అరవండి" అన్నాడు రుస్తెం హోజా.

ఆయన ఇమ్మనలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నెజాత్‌కూ తెలుసు. ఆ ఒక్క మాట నీడలో నెజాత్ జుట్టు నెరిసేదాకా ఆడాడు.

కాలం తిరిగింది. రుస్తెం కన్నుమూశాడు. నెజాత్ బూట్లు విప్పి, నల్ల కోటు తొడుక్కొని, తానే హోజా అయ్యాడు. మైదానం పక్కన కోచ్ కూర్చునే బల్ల అతనిదైంది. ఆ బల్ల కింద దుమాన్ అనే బూడిదరంగు పిల్లి ఉండేది. ప్రతి మ్యాచ్ తరవాత హోజా దానికి నాలుగు నెత్తళ్లు పెట్టేవాడు. అది తిని, మూతి తుడుచుకొని, తిరిగి పడుకొనేది.

జట్టులో ఇప్పుడు నడుమ ఆడేవాడు ఓక్తాయ్. ఆ క్లబ్బులో టీ కాచే హూరియె పిన్ని కొడుకు. మాట తక్కువ, పరుగు ఎక్కువ. రెండు భుజాల మీదుగా చూసే విద్య హోజా అతనికే నేర్పాడు. "హోజా దూకమంటే లోతెంత అని అడగడు వీడు" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు.

ఆ ఏటి ఆఖరి మ్యాచ్ వచ్చింది. సమానంగా ముగిసినా చాలు, జట్టు పెద్ద లీగులో నిలుస్తుంది. ఓడితే కింది లీగులోకి జారిపోతుంది. ఊరంతా గోడలెక్కి, పడవల తెరచాపకొయ్యలెక్కి చూస్తోంది. ఇక కాసేపట్లో ఆట ముగుస్తుందనగా బంతి ఓక్తాయ్ దగ్గరికి వచ్చింది. ముందు దారి ఖాళీగా ఉంది. అతను కాలెత్తాడు.

"వెనక్కి! గోల్‌కీపర్‌కు ఇవ్వు! వెనక్కి ఇవ్వరా!" బల్ల దగ్గర నుంచి హోజా కేక వేశాడు.

ఓక్తాయ్ కాలు తిప్పాడు. తడిసిన గడ్డి మీద బంతి నెమ్మదించింది. ఎదుటి జట్టువాడు గద్దలా వచ్చి తన్నుకుపోయాడు. గోల్!

ఊరు ఒక్కసారిగా రంకెలేసింది.

పత్రికలవాళ్లు హోజాను చుట్టుముట్టారు. "ముందు అంత దారి పెట్టుకొని అతను బంతిని వెనక్కి ఎందుకిచ్చాడు?"

నెజాత్ ఒకసారి కుడి భుజం మీదుగా చూశాడు, ఒకసారి ఎడమ భుజం మీదుగా చూశాడు. తన కేక విన్నవాళ్లు ఎవరూ కనబడలేదు. జనం హోరులో అది ఎవరికి వినబడుతుంది?

"నేను ముందుకు కొట్టమన్నాను" అన్నాడు. "వినేవాడుంటే కదా!"

ఆ మాట నోట్లోంచి జారాక చూశాడు. తలుపు దగ్గర మట్టి బట్టలతో ఓక్తాయ్ నిలబడి ఉన్నాడు. హోజా ముఖంలోకి ఒకసారి చూసి, బూట్లు చేతబట్టుకొని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు బదులు చెప్పవచ్చు; ఆ చూపుకు ఏం చెబుతాడు?

బల్ల మీద మరచిన కోటు కోసం నెజాత్ తిరిగి అక్కడికి వెళ్లాడు. అలవాటు చొప్పున నాలుగు నెత్తళ్లు కింద పెట్టాడు. దుమాన్ ముట్టలేదు.

"ఏమే, ఆకలి లేదా?"

"కడుపు నిండింది హోజా" అంది పిల్లి. "ఇందాక నీ కేక మింగాను. ఇప్పుడు నీ మాట మింగాను. రెండూ కడుపులో కొట్టుకుంటున్నాయి."

నెజాత్ ఉలిక్కిపడ్డాడు. "నువ్వు మాట్లాడతావా?"

"అందరితో కాదు. సిగ్గుపడాల్సినవాళ్లతోనే. మీ ఊళ్లో నాకు పని ఎక్కువే."

హోజా కోటు చంకన పెట్టుకొని, తేలు కుట్టిన దొంగలా ఇంటికి నడిచాడు.

ఇక ఊరు ఓక్తాయ్‌ను ఎలా వేపుకు తిన్నదో వినండి. చేపలమ్మే కాజిమ్ పొట్లం చేతికిస్తూ, "ఇదైనా వెనక్కి ఇవ్వకు బాబూ!" అని పదిమందిలో అన్నాడు. మంగలి అతన్ని ఆఖరున కూర్చోబెట్టి, అద్దం గోడ వైపు తిప్పేశాడు. వీధిలో పిల్లలు అతనికి ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ "వెనకడుగు ఓక్తాయ్! వెనకడుగు ఓక్తాయ్!" అని పాడారు. ఓక్తాయ్ ఆట మానేశాడు. కొండవాలున, బాదంలాంటి హేజెల్ కాయలు ఎండబెట్టే కళ్లంలో కూలికి కుదిరాడు.

హూరియె పిన్ని మాత్రం పని మానలేదు. రోజూ హోజా బల్ల మీద టీ పెట్టేది. పక్కన రెండు చక్కెర బిళ్లలు పెట్టేది. ముఖం మాత్రం చూసేది కాదు. ఆ టీ తాగడానికి మనసొప్పేది కాదు నెజాత్‌కు. అలాగని వదిలేసి లేవడానికి ధైర్యమూ చాలేది కాదు. చల్లారిన టీని మందులా మింగి, గ్లాసు తానే కడిగిపెట్టి వెళ్లేవాడు. చెయ్యాల్సింది చెయ్యనివాడు గ్లాసులు కడుగుతాడు!

ఇంతలో రాజధాని నుంచి ఒక గొప్ప క్లబ్బు మనిషి కారులో దిగాడు. "హోజా, మీ జట్టు ఓడింది గాని మీరు ఓడలేదు. మాట విననివాడు ముంచాడని లోకమంతా చదివింది. మా దగ్గరికి రండి" అన్నాడు.

జీవితమంతా ఎదురుచూసిన పిలుపు. అదీ ఆ అబద్ధం భుజాల మీదెక్కి వచ్చింది.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. ఊరు విడిచి వెళ్లేవాడు ఇరుగుపొరుగును పలకరించి, "నావల్ల మీకు నొప్పి కలిగి ఉంటే, నా మీద మీకున్న హక్కు హలాల్ చెయ్యండి" అని అడగాలి. అవతలివాళ్లు "హలాల్" అంటే మనసులో ముడి విప్పేసినట్టు. అనకపోతే ఆ బరువు మోసుకుంటూ పోవాలి. పోయేవాడి వెనక ఒక చెంబు నీళ్లు కూడా పోస్తారు, నీళ్లలా సాఫీగా వెళ్లి నీళ్లలా సాఫీగా తిరిగి రావాలని.

నెజాత్ గడపగడపకూ వెళ్లాడు. కాజిమ్ "హలాల్!" అన్నాడు. మంగలి "హలాల్!" అన్నాడు. ఒక్క గడప మిగిలింది.

మొదటిసారి, తాను కప్పు గెలిచిన నాటి బూట్లు బహుమతిగా పట్టుకొని కళ్లానికి వెళ్లాడు. తన తప్పు మాట ఎత్తకుండా, "ఉంచుకోరా, గుర్తుగా. నేను వెళుతున్నాను. హలాల్ చెయ్యి" అన్నాడు.

ఓక్తాయ్ కాయలు తిరగేస్తూనే, "నేను ఆట మానేశాను హోజా. కాయలు తొక్కడానికి ఇంత మంచి బూట్లు దేనికి?" అన్నాడు.

నెజాత్ బూట్లు కోటు కింద దాచుకొని వచ్చాడు. దుమాన్ క్లబ్బు గోడ మీద నుంచి చూసింది. "తోలుతో నోరు కట్టేద్దామనుకున్నావా? అది చెప్పులు కుట్టేవాడి పని."

రెండోసారి తెల్లవారుతూనే ఓక్తాయ్ ఇంటి వెనక సందులోకి వెళ్లాడు. గొంతు తగ్గించి, "తప్పు నాదే. వెనక్కి ఇమ్మన్నది నేనే. నువ్వు మాట విన్నావు, నేను మాట మార్చాను. హలాల్ చెయ్యరా" అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. నిజం నీళ్లే, పిల్లలూ, దొంగ నీళ్లు కావు.

ఓక్తాయ్ అడిగాడు: "హోజా, ఇప్పుడు ఈ మాట చెప్పేముందు కుడి భుజం మీదుగా, ఎడమ భుజం మీదుగా ఎందుకు చూశారు?"

నెజాత్‌కు చెవులు భగ్గుమన్నాయి. తాను చూసినట్టే తనకు తెలియదు.

"ఆ విద్య మీరు నాకు బంతి కోసం నేర్పారు" అన్నాడు ఓక్తాయ్. "నా మంచిపేరు అందరి ముందూ లాక్కున్నారు. తిరిగివ్వడానికి మాత్రం సందు వెతుక్కున్నారు."

తలుపు మూసుకుంది. గట్టిగా కాదు, మెల్లగానే. మెల్లగా మూసిన తలుపే ఎక్కువ మోగుతుంది.

ప్రయాణం రోజు వచ్చింది. రేవు దగ్గర ఊరంతా చేరింది. బాకాలు, జెండాలు. గొప్ప క్లబ్బు మనిషి కారు తలుపు తెరిచి నిలబడ్డాడు. హూరియె పిన్ని రాగి చెంబుతో ఒక పక్కన నిలుచుంది. ఆ ఊళ్లో ఎవరు వెళ్లినా నీళ్లు పోసేది ఆమే. ఆమె వెనక, అమ్మ తోడు రమ్మంటే కాదనలేక, ఓక్తాయ్.

ఆచారం ప్రకారం, కదిలే ముందు అందరినీ కలిపి మూడుసార్లు అడగాలి. నెజాత్ అడిగాడు: "నాకు హలాల్ చేస్తారా?"

"హలాల్!" ఊరు గర్జించింది.

"హలాల్ చేస్తారా?"

"హలాల్!" గర్జన పెరిగింది. హూరియె పిన్ని పెదవులు మాత్రం కదల్లేదు. ఆమె చేతిలో చెంబు అంచుదాకా నిండుగా ఉంది. కొడుకును ఊరి నోట్లో పడేసినవాడికి కూడా నీళ్లు పొయ్యడానికి తెచ్చుకుంది ఆ తల్లి. ఆచారం తప్పకూడదని!

నెజాత్‌కు రుస్తెం హోజా గొంతు వినిపించింది. ఆ పాస్ ఇమ్మన్నది నేనే. తనది కాని తప్పును ఆయన నెత్తికెత్తుకున్నాడు. తన తప్పును తాను ఇంకొకడి నెత్తిన పెట్టాడు. ఆయన కూర్చున్న బల్ల మీదే తానూ కూర్చున్నాడు కదా! ఎంత సిగ్గు!

కాళ్ల దగ్గర దుమాన్ తోకతో అతని బూటును తాకింది. "బంతి నీ దగ్గరికే వచ్చింది హోజా. ఈసారి ఎటూ చూడకు."

నెజాత్ ఎటూ చూడలేదు. తిన్నగా జనంలోకి చూశాడు.

"మూడోసారి అడగను" అన్నాడు. "నాకు ఆ హక్కు లేదు. ఆఖరి మ్యాచ్‌లో బంతి వెనక్కి ఇమ్మని అరిచింది నేను. ఓక్తాయ్ విన్నాడు. పత్రికలవాళ్లతో నేను అబద్ధమాడాను. మీరు వెక్కిరించింది అతన్ని. అది పడాల్సింది నేను. ఓక్తాయ్, నీ మంచిపేరు అందరి ముందూ లాక్కున్నాను, అందరి ముందే తిరిగిస్తున్నాను. హలాల్ చేస్తే చెయ్యి. చెయ్యకపోతే అదీ న్యాయమే."

బాకాలు ఆగిపోయాయి. కాజిమ్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. మంగలి చెప్పుల వైపు చూసుకున్నాడు. వెనకడుగు పాట పాడిన పిల్లలు అమ్మల కొంగుల వెనక్కి నక్కారు. ఆ రోజు ఒక్క మనిషి తప్పు ఒప్పుకుంటే, ఊరంతటికీ తల వాలిపోయింది.

గొప్ప క్లబ్బు మనిషి కారు తలుపు వేసుకున్నాడు. లోపల తాను ఒక్కడే. కారు కదిలింది. ఎవరూ ఆపలేదు, నెజాత్ కూడా.

ఓక్తాయ్ ముందుకు వచ్చాడు. "ఈసారి భుజాల మీదుగా చూడలేదు హోజా" అన్నాడు.

"లేదురా."

"అయితే హలాల్."

హూరియె పిన్ని చెంబు వంచి హోజా కాళ్ల వెనక నీళ్లు పోసింది. కాజిమ్ తడబడుతూ, "పిన్నీ, కారు వెళ్లిపోయింది. అతను ఎక్కడికీ వెళ్లడం లేదుగా, నీళ్లెందుకు?" అన్నాడు.

"ఆ మ్యాచ్ రోజే వెళ్లిపోయాడు నాయనా" అంది పిన్ని. "ఇప్పుడే తిరిగి వస్తున్నాడు."

ఊరు నెజాత్‌ను వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. పెద్ద జట్టు బల్ల మీద వేరే కోచ్ కూర్చున్నాడు. నెజాత్‌కు దక్కింది చిన్నపిల్లల జట్టు, గడ్డి లేని మైదానం. ఓక్తాయ్ తిరిగి నడుమ నిలిచాడు, జట్టుకు నాయకుడయ్యాడు, మరుసటి ఏడు దాన్ని పై లీగుకు ఎక్కించాడు. ఆ సంబరం నెజాత్ గోడ అవతల నిలబడి చూశాడు. సిగ్గు పూర్తిగా పోలేదు; పోవాలని అతనూ కోరుకోలేదు.

చిన్నపిల్లల జట్టు ఒకనాడు ఓడింది. "ఆ పిచ్చి పాస్ ఎవడిమ్మన్నాడు?" అని ఎవరి తండ్రో అరిచాడు. నెజాత్ అడ్డం నిలబడి, "నేనే" అన్నాడు. ఆ సాయంత్రం దుమాన్ నాలుగు నెత్తళ్లూ తిని, మూతి తుడుచుకొని, అయిదోది ఏదని అడిగింది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, వినండి: నలుగురిలో తీసిన పరువును నలుగురిలోనే తిరిగివ్వాలి, సందులో చెప్పిన క్షమాపణ సగం దొంగతనమే.