గొళ్ళెం విడుదలైన శుక్రవారం

రావులపాలెంలో తాతాజీ అంతటి తెలివైనవాడు లేడు. ఈ మాట ఆయనే చెప్పాడు కాబట్టి అబద్ధం కాదు. ఆయనా, పెళ్ళాం వరహాలమ్మా, బావమరిది నూకరాజూ కలిసి ఇంటి ముందుగదిలో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. వాళ్ళు నాకు దగ్గర చుట్టాలు. అందుకే నేను మరీ పగలబడి నవ్వను. వాళ్ళ బుర్రలో ఉన్నది నా బుర్రలోనూ కాస్తో కూస్తో ఉండకపోదు.

వాళ్ళకి ఉన్నదల్లా ఒకే ఒక్క కస్టమర్, అరటిగెలల వ్యాపారి ఎర్రన్న. ఏ గెలలు ఏ లారీ ఎక్కాలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఆయనకి చేసిపెట్టి, నెలకోసారి మారుస్తుంటారు. ఏది పాతదో ఏది కొత్తదో తెలీక, కటక్ వెళ్ళాల్సిన గెలలు చెన్నై వెళ్ళిపోయాయి. ఎర్రన్నకి ఒళ్ళు మండి తాతాజీని పిలిపించాడు.

"పెద్ద కంపెనీల్లో కొత్తది విడుదల చేసినప్పుడల్లా దానికో పేరు పెడతారంట. మీరూ పెట్టండి. మీ ఇష్టాలూ అయిష్టాలూ దూర్చకండి, కళ్ళు మూసుకుని ఏదో ఒకటి తియ్యండి. బయటపెట్టేదాకా ఎవరికీ తెలియకూడదు. శుక్రవారం పదింటికి ఇక్కడుండాలి. లేదా ఇంకొకళ్ళని చూసుకుంటాను."

ఎర్రన్న పోతే కంపెనీ పోతుంది. కంపెనీ పోతే తాతాజీ మళ్ళీ మావగారి సైకిల్ షాపులో పంక్చర్లు వెయ్యాలి, ఆయన దెప్పుళ్ళు పడాలి. అందుకని ఎర్రన్న అన్న ప్రతి మాటా పొల్లుపోకుండా అరచేతిలో రాసుకున్నాడు.

నూకరాజు నలభై పేర్లు కంప్యూటర్లోకి ఎక్కించాడు. మీట నొక్కితే వాటిలో ఏదో ఒకటి తెర మీద మూడు సెకన్లు కనబడి పోతుంది. ముగ్గురూ కుర్చీలు దగ్గరికి లాక్కుని కళ్ళు మూసుకున్నారు. తాతాజీ తడుముకుని మీట నొక్కాడు. అంతే, పేరు వచ్చింది, పోయింది.

"ఏం వచ్చిందిరా?"

"నేను మూసుకున్నాను కదా బావా."

"నేనూ అంతేనండి. చూస్తే మోసం కాదూ!"

మధ్యాహ్నం దాకా నొక్కారు. నూకరాజు కళ్ళు మూసుకునే మంచినీళ్ళకి వెళ్ళి, తలుపుకి గుద్దుకుని, తిరగడానికి భయమేసి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి కూలబడ్డాడు. చివరికి వరహాలమ్మే అంది, "తీసేటప్పుడు మూసుకోమన్నాడు గానీ, చదివేటప్పుడు మూసుకోమన్లేదు కదండీ!" ఏం బుర్ర! పెళ్ళాం తెలివికి తాతాజీ కళ్ళు చెమర్చాయి.

ఈసారి నొక్కి కళ్ళు తెరిస్తే "పీత" అని ఉంది.

"బావా, పీతల పులుసంటే నాకు ప్రాణం. ఇష్టం దూరిపోయింది" అన్నాడు నూకరాజు, పాపం నిజాయితీపరుడు.

ఇంకేముంది, పీతని కొట్టేశారు. పనసతొన, గాలిపటం, తాటిముంజె, ఇష్టమైనవన్నీ కొట్టేశారు. అయిష్టాలూ వద్దన్నాడు కదా అని కాకరకాయనీ, జలగనీ, మావగారి సైకిల్నీ కొట్టేశారు. సాయంత్రానికి ఒక్కటే మిగిలింది, గొళ్ళెం. గొళ్ళెం మీద ఆ ఇంట్లో ఎవరికీ ప్రేమా లేదు, పగా లేదు.

నొక్కారు. గొళ్ళెం వచ్చింది. ఇరవైసార్లు నొక్కినా గొళ్ళెమే వచ్చింది.

"చూశారా! పెద్ద కంపెనీల యంత్రాలు పూటకో పేరు చెప్తాయంట. మనది ఒక్క మాట మీద నిలబడింది" అని తాతాజీ మురిసిపోయాడు.

అంతలో నూకరాజు గతుక్కుమన్నాడు. "బావా, ఎవరికీ తెలియకూడదన్నాడు. మనకి తెలిసిపోయింది!"

అంతే, ముగ్గురూ పేరు మర్చిపోయే పనిలో పడ్డారు. భోజనాల దగ్గర తాతాజీ పరీక్ష పెట్టేవాడు.

"మర్చిపోయావా?"

"మర్చిపోయాను బావా."

"ఏది మర్చిపోయావు?"

"గొళ్ళెం."

"అయితే మళ్ళీ మొదలెట్టు."

గురువారానికి నిజంగానే మర్చిపోయారు. వరహాలమ్మ తలుపుకి అదేదో పెట్టడం కూడా మానేసింది.

శుక్రవారం పదింటికి ఎర్రన్న యార్డులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. "పేరేంటి?" అన్నాడాయన.

"మర్చిపోయామండి, ఆయ్! చాలా కష్టపడ్డామండి" అన్నాడు తాతాజీ గర్వంగా. ఎర్రన్న మొహం చూసి గబగబా మీట నొక్కాడు. గొళ్ళెం.

"సరే, బానే ఉంది. మరి పాతదానికో?"

తాతాజీ భక్తిగా కళ్ళు మూసుకుని మళ్ళీ నొక్కాడు. గొళ్ళెం.

"రెండూ గొళ్ళెమే అయితే మా వాళ్ళకి ఏది చూడమని చెప్పనయ్యా? ఆ గొళ్ళెం అన్నది ముందు చెరిపి పారెయ్!"

చెప్పిన మాట జవదాటడం ఆ ఇంటా వంటా లేదు. ఇంకేముంది, గొళ్ళెం అన్నవి రెండూ చెరిపేశారు. ఏడు లారీలు ఎటు వెళ్ళాలో తెలీక నిలబడిపోయాయి. డ్రైవర్లు నీడన కూర్చుని అరటిపళ్ళు వలుచుకున్నారు.

"ఇంక జన్మలో మీ మొహాలు నాకు చూపించకండి!" అని ఎర్రన్న గావుకేక పెట్టాడు.

ఇంటికొచ్చి తాతాజీ రెండు రోజులు ఏడ్చాడు. ఎటు చూసినా మావగారి పంక్చర్ తొట్టే కనబడింది. ఆఖరికి వరహాలమ్మ కళ్ళొత్తుకుంటూ అంది, "ఏవండీ, మొహాలే కదా వద్దన్నాడు? పని వద్దన్లేదుగా?"

సోమవారం పొద్దున్నే ముగ్గురూ వెనక్కి నడుచుకుంటూ ఎర్రన్న యార్డులోకి వచ్చారు. అలవాటున్నవాడు కాబట్టి నూకరాజు దారి చూపించాడు. అంతే, ముగ్గురూ వెళ్ళి గెలల గుట్టలో పడ్డారు.

తాతాజీ మొహం కనబడకుండా బోర్లా తిరిగి, కంప్యూటర్ ఒక్కటే పైకెత్తాడు.

"మళ్ళీ కొత్తది చేసుకొచ్చామండి, ఆయ్. పేరు మాత్రం ఇంకా మర్చిపోలేదండి. ఓ రెండ్రోజులు గడువిప్పించండి."