జానెడు దూరంలో గోడ

మజ్జి వారింట్లో ఉండేది ముగ్గురు. అన్న నూకరాజు, అతని భార్య వరహాలమ్మ, తమ్ముడు పైడియ్య. ముగ్గురి తెలివీ కలిపితే వీధి మొత్తానికి సరిపోయి ఇంకా మిగులుతుందని వాళ్ళ లెక్క. మిగిలింది పాడైపోకూడదని రోజూ ఇరుగుపొరుగుకి సలహాల కింద పంచేవాళ్ళు.

పైడియ్యకి సంబంధం చూశారు. పిల్ల తండ్రి సన్నాసినాయుడు చిన్నప్పుడు డోలు నేర్చుకున్న మనిషి. పైడియ్య ఊరుకోకుండా, "మా ఇంట్లో ఖరీదైన స్పీకర్లున్నాయండి. డోలు మోగితే గుండెలో మోగినట్టే ఉంటుంది," అన్నాడు.

"ఆదివారం వచ్చి వింటాను. నిజమైతే ముహూర్తం పెట్టుకుందాం. ఉత్త గొప్పలు చెప్పే ఇంటికి పిల్లనివ్వను," అన్నాడు నాయుడు.

ఇంటికొచ్చి సన్నాయిమేళం పాట పెట్టి చూస్తే డోలు ఖాళీ డబ్బా మీద కొట్టినట్టుంది. ఇంకేముంది, నూకరాజు స్పీకర్లు అమ్మిన కొట్టాయనకి ఫోన్ చేశాడు.

"పెట్టెల వెనక జానెడు దూరంలో గోడ ఉండాలి బాబూ. అప్పుడు డోలు నిండుగా పలుకుతుంది," అన్నాడాయన.

కొలిచారు. గోడ ఐదడుగుల దూరంలో ఉంది.

"పెట్టెలు వెనక్కి జరుపుదామా అన్నయ్యా?"

"ఒక్కోటి నలభై కిలోలురా. అయినా ఆయన పెట్టెలు జరపమన్నాడా? గోడ ఉండాలన్నాడు."

అంతే. తాపీమేస్త్రీ వచ్చాడు. శుక్రవారం సాయంత్రానికి జానెడు దూరంలో కొత్త గోడ లేచింది. గది తలుపూ, కరెంటు ప్లగ్గూ గోడకి అవతల పడ్డాయి. కిటికీ ఊచలు నాలుగు కోసేసి, అందులోంచి వంటింటి వైరు లాగారు. మేస్త్రీ కూడా అందులోంచే ఇంటికెళ్ళాడు.

డోలు కొంచెం నయమైంది. నూకరాజు మళ్ళీ ఫోన్ చేశాడు.

"పెట్టె పైభాగంలో చిన్న గుండ్రం ఉంటుంది చూడండి. వినేవాళ్ళ చెవులు సరిగ్గా దాని ఎత్తులో ఉండాలి," అన్నాడు కొట్టాయన.

గుండ్రం నలభై ఒక్క అంగుళాల ఎత్తులో ఉంది. కుర్చీలో కూర్చుంటే నూకరాజు చెవి నలభై నాలుగు, పైడియ్య చెవి నలభై ఆరు, వరహాలమ్మ చెవి ముప్ఫై ఎనిమిది. అంతే, గచ్చు పగిలింది. అన్న కుర్చీకి మూడంగుళాల గొయ్యి, తమ్ముడి కుర్చీకి ఐదంగుళాల గొయ్యి తవ్వారు. వరహాలమ్మ కుర్చీ కింద మూడంగుళాల చెక్క పెట్టారు.

"మరి నాయుడు మావయ్యగారి చెవో?" అంది వరహాలమ్మ.

పైడియ్య సిగ్గుపడుతూ ఫోన్ చేశాడు. "మావయ్యగారూ, కూర్చుంటే తమరి చెవి నేలకి ఎంతెత్తండి?"

అవతల కాసేపు టేపు లాగిన చప్పుడు. "కుడిది నలభై మూడు. ఎడమది నలభై రెండున్నర."

కుర్చీ కుడికాళ్ళకి రెండంగుళాలు, ఎడమకాళ్ళకి ఒకటిన్నర తవ్వారు.

ఆదివారం నాయుడు వచ్చాడు. కిటికీ చూపిస్తే చెప్పులు విడిచి దూరాడు. గోతిలో కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు. సన్నాయి మొదలైంది, డోలు అందుకుంది. నిజంగానే గుండెలో మోగుతోంది. నాయుడు కళ్ళు మూసుకుని తల ఊపాడు. ముప్పావుగంట తర్వాత మెల్లిగా అన్నాడు: "మా గురువుగారే ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టుంది."

వరహాలమ్మ గతుక్కుమంది. "ఏమయ్యా పైడియ్యా, పెద్దాయన ముప్పావుగంట నుంచి వాయిస్తున్నారట. గుక్కెడు మంచినీళ్ళయినా ఇవ్వలేదు. పిల్లనిచ్చేవాళ్ళ ముందు పరువేం కాను?"

ఇంకేముంది, పైడియ్య కిటికీ దూకి చెంబుడు మజ్జిగ తెచ్చాడు. నోరెక్కడో తెలియక పెట్టె చుట్టూ తడిమాడు. కింద గాలి కోసం పెట్టిన గుండ్రటి కంత దొరికింది. ఒక్క చుక్క కింద పడకుండా పోశాడు. పెట్టె రెండుసార్లు గుళగుళలాడి ఊరుకుంది.

నాయుడు కళ్ళు తెరిచాడు. చెంబు వైపు చూశాడు. పైడియ్య చెంబు వెనక్కి దాచుకున్నాడు.

"ఏం పోశావు?"

"మజ్జిగండి."

"ఉప్పేశావా?"

"వేశానండి."

"అదీ సంగతి. గురువుగారికి ఉప్పు పడదు." నాయుడు కండువా సర్దుకున్నాడు. "సరే, తెలియక చేశావు. అడక్కుండా మర్యాద చేసే ఇల్లు ఈ రోజుల్లో ఎక్కడుంది? ముహూర్తం పెట్టుకుందాం. ముందు ఆ రెండో పెట్టెలో వేడిగా కాఫీ పొయ్యి. పాపం, ఇప్పుడు అందులో ఉన్న సన్నాయి ఆయనొక్కడే కచేరీ లాక్కురావాలి."

కాబోయే మావగారి మాట. పైడియ్య పంచదార రెండు చెంచాలు ఎక్కువే వేసి పోశాడు.