మోదుగాకు చీటీ

కొండవాగు అడవిలో కుందేళ్లు, ఉడుతలు, దుప్పులు, చిరుతలు ఉండేవి. వేటగాళ్ల ఉచ్చులూ ఉండేవి. అందుకే అక్కడ చదువంటే ముందుగా ఉచ్చును గుర్తుపట్టడం. అది రాని పిల్ల బతికి పెద్దవడం కష్టం.

వాగు ఒడ్డున అందరి బడి ఒకటి ఉండేది. ముసలి ముళ్లపంది పాఠం చెప్పేది. రాజైన సింహం తన కొట్టులోంచి ఆ బడికి ఇప్పపువ్వు పంపేది. రోజుకో ఇంటివాళ్లు వంతుగా వచ్చి కాపలా కాసేవారు.

గుట్ట మీద నక్క బడి వేరు. ఏడాదికి ఎనిమిది బుట్టల ఇప్పపువ్వు ఇవ్వాలి. చిరుతల పిల్లలే అక్కడ చదివేవి. ఆ బడి వాకిట్లో తీగతో అల్లిన తోరణం ఉండేది. పిల్లలు తల వంచి దాని కిందుగా లోపలికి రావాలి. మొదటి ఏడంతా నేర్పేది ఆ మర్యాదే.

ఒక ఏడాది సింహం ఇంటింటికీ మోదుగాకు చీటీ పంచింది. "ఈ చీటీ నాలుగు బుట్టలతో సమానం. నచ్చిన బడిలో ఇచ్చుకోండి" అంది. ఆ బుట్టలు ఎక్కడివి? వాగు బడి నోటికాడివే! ఒక్కరైనా అడిగితే ఒట్టు. చిరుతలకూ చీటీలు అందాయి.

కుందేలు చెంగమ్మ కాళ్లరిగేలా తిరిగి నాలుగు బుట్టలు ఏరింది. చీటీతో కలిపి ఎనిమిదయ్యాయి. కూతురు చిట్టిని గుట్ట మీద చేర్చింది.

"వదినా, ఉచ్చుల పాఠం అయ్యేదాకా అయినా ఆగరాదా?" అంది ఉడుత నరసమ్మ.

"నీకు కుళ్లు! మా చిట్టి ఆ ముళ్లాయన ముందు బురదలో కూర్చోవాలా?"

ఏడాది తిరిగింది. నక్క రుసుము పన్నెండు బుట్టలు చేసింది.

"పంతులుగారూ, చీటీ ఉంది కదా!" అంది చెంగమ్మ.

"ఉంది కాబట్టే పెంచానమ్మా. అందరి చేతుల్లో నాలుగేసి బుట్టలు కనబడుతుంటే కళ్లు మూసుకుంటానా? చిరుతగారు ఎప్పటిలాగే ఎనిమిది తెచ్చారు. నువ్వూ తే."

"ఉచ్చుల పాఠమైనా చెప్పండి."

"అది రెండో ఏటి పాఠం."

చీటీ రాకముందు కావలసింది ఎనిమిది. వచ్చాకా ఎనిమిదే. చెంగమ్మ దగ్గర ఉన్నవి నాలుగు. చిట్టి ఇంటికి వచ్చేసింది.

వాగు బడి అప్పటికే పాడుబడింది. ఇళ్లు తగ్గాయి, వంతులు తప్పాయి, రాజు పంపే పువ్వు ఆగింది. ఆకలితో నీరసించిన ముళ్లపంది నరసమ్మ చెట్టు కిందే ఆరుగురు పిల్లలకు పాఠం చెబుతోంది.

"పంపు వదినా. మీ కాపలా వంతు కూడా నేనే కాస్తాను" అంది నరసమ్మ.

తాను అప్పుడన్న మాటలు గుర్తొచ్చి చెంగమ్మకు తల కొట్టేసినట్టయింది. 'రేపు చూద్దాంలే' అనుకుంది.

మర్నాడు చిట్టి మేతకు వెళ్లింది. దారిలో సన్నని తీగ వంపు తిరిగి మెరుస్తోంది, అచ్చం చిన్న తోరణంలా. చిట్టి నేర్చుకున్నట్టే తల వంచి, దాని కిందుగా వెళ్లింది.

"చిట్టీ! ఉచ్చు!" అని చెట్టు మీంచి ఉడుత పిల్లలు అరిచాయి. అప్పటికే తీగ మెడకు బిగిసింది.

సాయంత్రం రాజుగారి కాకి వచ్చి వాలింది. "ఈసారి చీటీ ఆరు బుట్టలు, చెంగమ్మా! పిల్ల పేరు చెప్పు."

గుట్ట మీద నక్క అప్పుడే రుసుము పద్నాలుగు చేసింది.

నీతి: అందరి బడిని ఎండగట్టి చేతికిచ్చిన చీటీ, అమ్మే బడి ధరను పెంచుతుంది, లేనివాడి బిడ్డకు రెండు బడులూ లేకుండా చేస్తుంది.