గోడ మీద సగం నెమలి

అనగనగా సముద్రాల అవతల, రోము అనే ఒక ఊళ్ళో, రాళ్ళు కోసే ఔలస్ అని ఒకాయన ఉండేవాడు. ఆ ఊళ్ళో కలిగినవాళ్ళు మనలా గోడకి సున్నం కొట్టి ఊరుకోరు. ఎర్రవీ, పచ్చవీ, వంగపండు రంగువీ రాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఓడల మీద తెప్పించి, పలకలు కోయించి, నేలకీ గోడకీ అతికించుకుంటారు. వాళ్ళ సోకు అలాంటిది.

ఔలస్‌కి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది ఫౌస్తా, చిన్నది తుల్లియా. ఒకసారి ఆయనకి తెల్లటి రాయి ఒకటి దొరికింది. దాన్నిండా వంగపండు రంగు చారలు. "దీన్లో నెమలి ఉందే, కోసి తెరిస్తే పురి విప్పుతుంది" అన్నాడు కూతుళ్ళతో. పళ్ళు లేని రంపం పెట్టి, రాయి అరిగి తెగేలా ఇసుక వేసి, నీళ్ళు పోసి, మెల్లగా రెండు పలకలుగా కోశాడు.

ఏదీ, కథ వింటూనే నీ చేతులు రెండూ ఒకదానికొకటి ఆనించు. ఇప్పుడు తెరువు. ఈ చేతిలో గీత ఎలా ఉందో ఆ చేతిలోనూ అలాగే ఉంది కదూ? ఆ పలకలూ అంతే. పక్కపక్కన పెడితేనే నెమలి. కానీ గోడకి పెట్టేలోపే ఔలస్ జబ్బు చేసి పోయాడు పాపం.

అప్పుడు అక్కాచెల్లెళ్ళు తగువు పడ్డారు. ఇద్దరికీ పెళ్ళిళ్ళయి ఎవరి ఇళ్ళు వాళ్ళకున్నాయి. నా గోడకంటే నా గోడకన్నారు. చివరికి "నీకొకటి, నాకొకటి" అనేసింది ఫౌస్తా. ఆ తర్వాత మాటల్లేవు.

తుల్లియా తన పలక గోడకి పెట్టించుకుంది. ఒక రెక్క, సగం తోక. అన్నం తింటున్నా దాని మీదికే చూపు. నాన్న చెప్పిన నెమలిని చూడకుండానే పోతానేమోనని బెంగ పట్టుకుంది.

ముందు పక్కన వేరే రాయి తెచ్చి పెట్టించింది. చారలు కలవలేదు. ఆ తర్వాత దానికి రంగు పూయించింది. తుడిస్తే గుడ్డకంటుకుంది. ఆ తర్వాత తన పలకనే తలకిందులు చేయించింది. నెమలి కాస్తా చచ్చిన కోడిలా వేలాడింది. రాళ్ళు కోసేవాడి కూతురికి ఇవేవీ కుదరవని తెలియక కాదు. పంతం.

అప్పుడు తుల్లియా పలక ఊడదీయించి, బండిలో పెట్టించుకుని, అక్క గుమ్మం ముందు దిగింది. ఫౌస్తా రమ్మనలేదు, పొమ్మనలేదు. తుల్లియా లోపలికి తొంగి చూసింది. అక్క గోడ మీదా సగం నెమలే, అదీ తలకిందులుగా. పక్కన వేరే రాయి. దాని మీద వెలిసిన రంగు.

"నాది కూడా నువ్వే పెట్టుకో అక్కా. నాకు చూడాలనుంది, అంతే" అంది తుల్లియా.

ఫౌస్తా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చూడాలంటే రోజూ రావాలి మరి" అంది.

రెండు పలకలూ పక్కపక్కన నిలబెట్టించారు. నెమలి పురి విప్పింది. ఇద్దరూ దాని కిందే కూర్చుని భోంచేశారు.

తుల్లియా ఇంట్లో ఆ గోడ మాత్రం బోసిగానే ఉండిపోయింది. ఆవిడ ఇంటిపట్టున ఉంటే కదా చూసుకోడానికి.

ఇక చేతులు ముడుచుకుని పడుకో.

రాయి గోడకి, కథ కంచికి,
చెల్లెలు అక్క ఇంటికి,
నిద్ర నీ కంటికి.