వరహాలుని పొడుగు చేసిన పెళ్ళిచీర

సన్యాసయ్య ఇంట్లో అందరికీ తెలివి ఎక్కువ. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనకపోయేసరికి, పాపం, వాళ్ళే చెప్పుకోవాల్సి వచ్చేది. "ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా చేస్తాం మేము," అనేవాడు సన్యాసయ్య మీసం దువ్వుకుంటూ.

ఆ ఇంటి పిల్ల వరహాలుకి పెళ్ళి కుదిరింది. కుర్రాడు అప్పలనాయుడు తాడిచెట్టంత పొడుగు. వరహాలేమో పొట్టి. తలంబ్రాలు పోసేటప్పుడు అతని తల అందకపోతే పెళ్ళివారు నవ్వరూ? ఆ దిగులుతో పిల్లకి అన్నం సహించడం లేదు.

బట్టల కొట్టాయన ధైర్యం చెప్పాడు. "సన్నంచు, నిలువు చారల చీర తీసుకోండి. కట్టగానే అమ్మాయి జానెడు పెరుగుతుంది!"

అంతే, కొనేశారు. ఇంటికొచ్చి చీర కట్టి, పిల్లని గుమ్మానికి ఆనించి కొలిచారు. వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

"శనగలైనా నానకుండా ఉబ్బుతాయా? నానబెట్టాలి!" అంది తల్లి నరసమ్మ.

"నన్నా, చీరనా?" అంది వరహాలు.

"చూశారా, పిల్లకి ఎంత ముందుచూపో!" అని మురిసిపోయి, చీరని సలసల కాగే నీళ్ళలో నానేశారు. ఇంకేముంది, చీర కాస్తా కురచైపోయింది.

"పెరిగిందే! నిన్న పాదాల దాకా ఉన్న చీర ఇవాళ పిక్కల దగ్గరే ఆగింది!" అని గంతులేశాడు సన్యాసయ్య. వరహాలుకి దిగులంతా పోయింది. అప్పట్నుంచి గుమ్మం దాటేటప్పుడు తల వంచుకుని దాటేది.

పెళ్ళిపొద్దున పక్కింటి చిట్టెమ్మ పిన్ని వచ్చి బుగ్గలు నొక్కుకుంది. "ఇదేం కట్టు వదినా! చీర ఒంటికి అతికినట్టుండాలి. పెళ్ళికళ ఉట్టిపడాలి!"

అంతే, నరసమ్మ మైదాపిండి ఉడికించి చీరని పిల్లకి అతికించేసింది. "కళ సంగతి నాకు తెలీదు గానీ, ఉట్టి పడాలంటే ఎంతసేపు!" అని సన్యాసయ్య వంటింట్లో ఉట్టి తెచ్చి, పిల్ల నెత్తిమీద వేలాడదీసి తాడు కోశాడు. ఉట్టి పడింది. పెరుగూ పడింది.

మోకాళ్ళు వంగని వరహాలుని పెరుగు కారుతుండగా పందిట్లోకి మోసుకొచ్చారు. భయం భయంగా కళ్ళెత్తింది. పెళ్ళికొడుకు తల సరిగ్గా తన తలకి సమానంగా ఉంది! కిందికి చూస్తే, అతను తొడలోతు గోతిలో నించున్నాడు.

"ఇదేంటండీ?"

"పెళ్ళాం దగ్గర కాస్త తగ్గి ఉండాలిరా అన్నాడు మా తాత. పొద్దున్నుంచీ తవ్వాను. ఈ తగ్గడం చాలా?"

వరహాలుకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. దోసిళ్ళకి దోసిళ్ళు తలంబ్రాలు అతని నెత్తిన కుమ్మరించింది. ఒక్కరూ నవ్వలేదు. అందరూ నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు.

"ఇలాంటి తెలివైన అల్లుడు దొరకాలంటే పెట్టిపుట్టాలి!" అన్నాడు సన్యాసయ్య.

పంతులుగారు చెమట తుడుచుకుని, "ఇక ఏడడుగులూ కానివ్వండి," అన్నారు.

"ఏడడుగులా! రెండడుగులకే నడుం పడిపోయింది," అంటూ అప్పలనాయుడు గడ్డపార అందుకున్నాడు.

"మీరొక్కరే ఎందుకండీ, నేనూ దిగుతాను," అంది వరహాలు, తట్ట అందుకుంటూ.